కింద మనిషి

ఆ ఎండాకాలం మా ఊళ్ళో చిమ్నీ పొగ మానేసింది. దానంతట అది మానలేదు, మాన్పించారు. బొగ్గు కాల్చి కరెంటు తీసే రోజులు అయిపోయాయనీ, గాలి పాడైపోతోందనీ, ఇకమీదట కొండ మీది గాలిమరలే కరెంటిస్తాయనీ పెద్దలు తీర్మానించారు. గాలి పాడైన సంగతి మాకొకళ్ళు చెప్పాలా? మా అత్తగారు మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ దండెం మీద తెల్లబట్ట ఆరేసిన పాపాన పోలేదు. పొద్దున ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకొచ్చేది.

చిమ్నీ ఆగిన నాలుగో రోజు ఆవిడ పెట్టె అడుగు నుంచి ఒక తెల్లదుప్పటి తీసి, ఉతికి, వాకిట్లో ఆరేసింది. సాయంత్రం దాన్ని మడతపెడుతూ, ఎంత తెల్లగా ఉందో చూడమని నన్ను పిలిచి మరీ చూపించింది. ఉద్యోగం పోయి నాలుగు రోజులైన అల్లుడికి చూపించాల్సిన వస్తువా అది? నాకు ఒళ్ళు మండింది. కానీ దుప్పటి నిజంగానే తెల్లగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ చిమ్నీకి నేను పద్దెనిమిదేళ్ళు దీపాలు మార్చాను. విమానాలు వచ్చి గుద్దుకోకుండా దానికి నాలుగు ఎత్తుల్లో ఎర్రదీపాలు ఉంటాయి. అవి మాడిపోతుంటాయి, ఎవడో ఒకడు గోడకి బిగించిన ఇనప మెట్లు పట్టుకుని ఎక్కి కొత్తవి పెట్టాలి. పై దీపం దాకా దాదాపు ఐదువందల మెట్లు. ఊళ్ళో చాలామంది నా ముఖం కన్నా నా పాదాలనే ఎక్కువ చూసి ఉంటారు.

ఆ పని ఎప్పుడూ ఇద్దరిది. పైకి ఎక్కేవాడు నడుముకు ఒక సన్నతాడు కట్టుకుంటాడు, కింద నుంచి బల్బులూ పానాలూ లాక్కోవడానికి. దాని కొస కింద మనిషి చేతిలో ఉంటుంది. పైవాడు ఎక్కుతున్నాడా, నిలబడ్డాడా, కాళ్ళు వణుకుతున్నాయా, అన్నీ ఆ తాడులోంచి కింద మనిషి అరచేతికి తెలిసిపోతాయి. అతను పైకి చూసి అరవకూడదు. అరిస్తే పైవాడు తల తిప్పుతాడు. పైవాడు ఎక్కడన్నా బిగుసుకుపోయి కదలకపోతే, తాడుని మెల్లగా రెండుసార్లు లాగాలి. నేనున్నాను అని దానర్థం. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, మాకు పాతవాళ్ళు నేర్పారు. పద్దెనిమిదేళ్ళూ నాకు కింద మనిషి పెద్దన్నే. అతను నాకు అన్న కాడు, వయసులో ఎనిమిదేళ్ళు పెద్ద, అంతే. ప్లాంటులో అందరూ అలాగే పిలిచేవారు.

ప్లాంటు మూసేశాక మాకు కొత్త ఉద్యోగాలు చూపిస్తామని క్యాంటీనులో ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. మాకు ఏయే పనులు వచ్చో ఆ అమ్మాయి ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటోంది. వెల్డింగు, డ్రైవింగు, కంప్యూటరు, ఇంకా చాలా ఉన్నాయి. నా పని ఎక్కడా లేదు. చివర 'ఇతరములు' అన్నచోట 'ఎక్కడం' అని రాయమన్నాను. ఏమిటి ఎక్కడం అని అడిగింది. ఏదైనా అన్నాను. పాపం, నవ్వు ఆపుకుని అలాగే రాసింది.

ఆ ఒక్క మాట పట్టుకుని నన్ను గాలిమరల కంపెనీ వాళ్ళ శిక్షణ యార్డుకి పంపారు. గాలిమరల రెక్కలు ఎండకీ ఇసకకీ అరిగిపోయి పగుళ్ళిస్తాయట. తాళ్ళ మీద వేలాడుతూ వాటికి అతుకులు వేసే మనుషులు కావాలి. వేలాడ్డమే కదా, ఇది నాకోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. మా ఆవిడ కూడా వస్తానంది. కాగితాల విషయంలో నామీద ఆవిడకి నమ్మకం లేదు.

డాక్టరు నా ఛాతీ విన్నాడు, కళ్ళు చూశాడు, బాగానే ఉన్నాయన్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద పదిహేను సెకన్లు నిలబడమన్నాడు. ఇదీ ఒక పరీక్షేనా అనుకుంటూ కాలెత్తాను. ఆరో సెకనుకే బల్ల పట్టుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆయనే నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఏళ్ళ తరబడి బాయిలర్ల హోరు విని చెవి లోపల తూకం తప్పిందట. కళ్ళు తెరుచుకుని ఉన్నంతసేపూ తెలియదు, చీకట్లోనో పొగలోనో ఒక్కసారిగా తెలుస్తుంది అన్నాడు. ఇక ఎత్తులెక్కే పని చెయ్యకూడదని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

మా ఆవిడ ఉండాల్సిన బెంచీ మీద లేదు. పక్కనున్న షెడ్డులో ఏదో గొడవగా ఉంటే అటు వెళ్ళాను. అక్కడ పాత రెక్క ముక్క ఒకటి బల్లల మీద పడుకోబెట్టి, శిక్షణకొచ్చిన కుర్రవాళ్ళు దానికి అతుకులు వేస్తున్నారు. వాళ్ళలో ఒకడు ఆ ఎండలో రెజిన్ జిగురులో, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ ధారపోసినట్టున్నాడు, మగ్గులోంచి పొగ లేస్తోంది. మా ఆవిడ ఆ మగ్గుని గుడ్డతో పట్టుకుని బయటికి తీసుకెళ్ళి ఇసకలో పల్చగా పోసేస్తోంది. మగ్గులో ఉంటే ఉడికి నిప్పంటుకుంటుంది, పల్చగా పోస్తే చల్లారుతుంది అని ఆ కుర్రాడికి తీరిగ్గా చెబుతోంది. ఆవిడకి ఇది కొత్త కాదు. పన్నెండేళ్ళుగా ఫైబర్ షెడ్డులో పనిచేస్తోంది. నీళ్ళ ట్యాంకులు, స్నానాల గది తలుపులు, తొట్లు, అన్నీ గాజుపోగుల గుడ్డా రెజినూ పొరలు పొరలుగా వేసి చేసేవే.

శిక్షణ ఇచ్చే ఆవిడకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. మా ఇంట్లో ఆవిడ పేరు ఈల మేడమ్ అయిపోయింది. ఆవిడ మా ఆవిడ దగ్గరికి వచ్చి, "అక్కా, మీరెవరు?" అంది.

"మా ఆయన డాక్టరు గదిలో ఉన్నారండీ" అంది మా ఆవిడ, అదే తన పేరన్నట్టు.

అరగంట తర్వాత ఆ రెక్క మీద మా ఆవిడ ఒక అతుకు వేసి చూపించింది. రోలరుతో బుడగలన్నీ నొక్కేసి, అంచులు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా చేసింది. ఈల మేడమ్ దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని నిమిరింది. ఎత్తులెక్కడం ఆరువారాల్లో ఎవరికైనా నేర్పగలనుగానీ ఈ చెయ్యి నేర్పడానికి ఆరేళ్ళు పడుతుందంది. పరీక్ష నెగ్గితే పక్కా ఉద్యోగం అని చెప్పి కాగితం చేతిలో పెట్టింది.

దారిలో మా ఆవిడ నా సంగతి అడిగింది. వయసు ఎక్కువైందన్నారని చెప్పాను. ఓహో అంది. అంతకన్నా ఒక్కమాట అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

మా అత్తగారు ముక్కున వేలేసుకుంది. పెళ్ళికొడుకుతో పాటు వెళ్ళి పెళ్ళికూతురై వచ్చావే అంది కూతురితో. నేను కూడా పైకి గట్టిగానే నవ్వాను. లోపల మాత్రం కుళ్ళు. నిజం చెప్పడానికేం, పెళ్ళాం మీద కుళ్ళుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఎత్తులెక్కింది నేను, ఇప్పుడు ఎక్కమని బతిమాలుతున్నది ఆవిణ్ణి.

ఆ వారంలోనే పెద్దన్న ఫోను చేశాడు. అతను రైల్లో ఒకటిన్నర రోజు దూరంలో ఇంకో బొగ్గు ప్లాంటులో చేరిపోయాడు. ఆ చిమ్నీ ఇంకో పదేళ్ళు పొగ మానదట. పైకెక్కే మనిషి లేడు, పరీక్షలూ లేవు, డాక్టర్లూ లేరు, వచ్చే నెలాఖరులోగా వచ్చెయ్యమన్నాడు. ఆలోచించుకుంటానన్నాను. ఫోను పెట్టేసేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. తను నెగ్గితే ఇల్లు నడిచేంత జీతం వస్తుంది కాబట్టి నేను వెళ్ళక్కర్లేదనీ, నెగ్గకపోతే తప్పదనీ చెప్పాను. అలాగే అంది.

శిక్షణ మొదలైంది. నేలమీద పనంతా మా ఆవిడే మిగతావాళ్ళకి నేర్పుతోందని మొదటి రోజే తెలిసింది. మూడో రోజు టవరు ఎక్కించారు. ముప్పై మీటర్ల ఇనప టవరు, ఎక్కడానికి మెట్లు, పై నుంచి తాళ్ళ మీద దిగాలి. రెండో అరుగు దాకా వెళ్ళి కమ్మీ పట్టుకున్న మా ఆవిణ్ణి విడిపించడానికి ఇద్దరు వెళ్ళాల్సి వచ్చిందట. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. చేతులు కడుక్కుంటూ, "నావల్ల కాదేమోనండీ" అంది.

ఆ మాట వినగానే నా కుళ్ళు ఎటుపోయిందో తెలియదు. మర్నాడు పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్ళాను. మా నీళ్ళ ట్యాంకు ఎత్తు దిమ్మెల మీద ఉంటుంది, దానికి ఇనప నిచ్చెన ఉంది. ఆ ట్యాంకు మా ఆవిడ చేతుల మీదుగా తయారైందే. అక్కడే మా బడి.

నేను మంచి మేష్టర్ని కాను. చేతులతో లాక్కోకు, కాళ్ళతో లే అని అరిచేవాణ్ణి. కిందికి చూడకు, పైకి చూడకు, ఎదురుగా ఉన్న బోల్టు చూడు అని అరిచేవాణ్ణి. ఎద్దుల్ని తోలుతున్నట్టు అరవకండి అని ఆవిడ పైనుంచి విసుక్కునేది. మా అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, నలభై ఏళ్ళ కూతుర్ని కోతిని చేస్తున్నావు కదా బాబూ అని నిట్టూర్చేది. కానీ రోజూ ఆ కుర్చీ ఆవిడే మోసుకొచ్చుకునేది.

పదిహేను రోజులయ్యాక ఒక సాయంత్రం మా ఆవిడ నవ్వుతూ ఇంటికి వచ్చింది. టవరు పైదాకా వెళ్ళి దిగిందట. నేను మీసం తిప్పి, బోల్టు చూశావా అన్నాను. లేదంది. ఎత్తుని చూడకుండా రెక్కని చూసిందట. ఎక్కడ పగిలిందో, లోపల పొర ఊడిందో లేదో చూస్తుంటే భయం గుర్తుకు రాలేదట. అంటే పదిహేను రోజుల నా బడి గంగలో కలిసింది. అయినా ఆ పూట కూరలో ఉప్పు లేకపోయినా నేనేమీ అనలేదు.

పరీక్ష రోజు ఇంట్లోవాళ్ళు చూడవచ్చన్నారు. టవరు కింద చుట్టూ పసుపుపచ్చ పట్టీ కట్టి, దాని అవతల మాకు నీడలో బెంచీలు వేశారు. మా అత్తగారు రాలేదు, చూస్తే గుండె ఆగుతుందంది. ఈల మేడమ్ అందరికీ గట్టిగా చెప్పింది. పట్టీ దాటి ఎవరూ లోపలికి రాకూడదు, తాళ్ళ కొసలు ఎవరూ తాకకూడదు. కింద ఎవరైనా తాడు పట్టుకుంటే పైవాళ్ళు దిగే పరికరం బిగుసుకుపోతుందంది. పైనున్న మనిషి ప్రాణం కింద మనిషి చేతిలో ఉండకూడదు, ఇక్కడ మొదటి సూత్రం అదే అని కూడా అంది. నేను విన్నాను. విని, ఈ పిల్లకేం తెలుసులే అనుకున్నాను.

మా ఆవిడ టవరు మీదికి వెళ్ళి, అక్కడి నుంచి రెండు తాళ్ళ మీద జారుతూ, నిలువుగా వేలాడదీసిన రెక్క దగ్గరికి వచ్చింది. నేల నుంచి ఇరవై మీటర్లుంటుంది. పగిలినచోట గరుకు కాగితంతో రుద్దింది, మూడు పొరలు వేసింది, రోలరుతో నొక్కింది. ఇంట్లో రొట్టెలు ఒత్తుతున్నంత తీరుబడిగా చేస్తోంది. నా పక్కన కూర్చున్నాయన అదెవరండీ అని అడిగితే మా ఆవిడే అని చెప్పాను, రెండుసార్లు చెప్పాను.

తర్వాత మా ఆవిడ ఆగిపోయింది. చేతులు రెండూ రెక్క మీద పెట్టి, తల పక్కకి వాల్చి రెక్కకి ఆనించింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కదలడంలేదు. గాలికి తాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఐదు నిమిషాలయ్యాయి. బిగుసుకుపోయింది, ఇది నాకు తెలుసు, ఇక్కడ ఇంకెవరికీ తెలియదు అనుకున్నాను. ఆ తర్వాత అనుకున్నది ఏమీ గుర్తులేదు.

ఈల మోగేసరికి నేను పసుపుపచ్చ పట్టీ దాటి లోపల, టవరు కింద, తాడు కొస అరచేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పటికే రెండుసార్లు లాగాను.

పైనుంచి మా ఆవిడ కిందికి చూసింది. అంత ఎత్తు నుంచి కూడా ఆ ముఖం నాకు కనిపించింది. అందులో భయం లేదు. నా చేతిలోంచి తాడు జారిపోయింది.

ఈల మేడమ్ కేకలు వెయ్యలేదు. మా ఆవిడ దిగాక, ఈ రోజుకి పరీక్ష రద్దంది. గాలిమర దగ్గరైనా ఇంతేననీ, పైన పనిచేసేవాళ్ళు ముందు కిందివాళ్ళని సరిచూసుకోవాలనీ, ఎవరు లోపలికి వచ్చినా ఆ రోజు పని ఆగిపోతుందనీ చెప్పింది. ఎనిమిది రోజుల తర్వాత ఇంకొక్క అవకాశం ఉంది, అదే ఆఖరుది. తప్పు నాది కదమ్మా, నాకేదైనా శిక్ష వెయ్యండి అన్నాను. ఆవిడ నావైపు చూసి, "మీరు నా దగ్గర పని చెయ్యడంలేదు కదండీ" అంది, మర్యాదగానే.

బస్సు స్టాపు దాకా మా ఆవిడ నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. రేకుల నీడలో బెంచీకి ఆ చివర కూర్చుంది. నేను ఈ చివర కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పురుగు లేదు. ఒక బస్సు వచ్చి ఆగి, మేం లేవకపోతే వెళ్ళిపోయింది.

"నేను నెగ్గడం మీకిష్టం లేదా?" అంది చివరికి.

అంత మాట అంటుందనుకోలేదు. లేదు, అలా కాదు, నువ్వు బిగుసుకుపోయావనుకున్నాను అని నీళ్ళు నమిలాను.

"నేనెందుకు బిగుసుకుపోతాను? చెవి ఆనించి గోరుతో కొట్టి చూస్తున్నాను. రెజిన్ ముదిరి గట్టిపడితే చప్పుడు మారుతుంది. ఎండ ఎక్కువని హార్డ్‌నర్ తగ్గించి వేశాను, అందుకే ఆలస్యమైంది. పన్నెండేళ్ళ నుంచి ప్రతి ట్యాంకుకీ అలాగే వింటున్నాను. మీరెప్పుడైనా మా షెడ్డుకొచ్చి చూశారా?"

చూడలేదు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ షెడ్డు లోపలికి వెళ్ళలేదు. గేటు దగ్గర దించి, గేటు దగ్గర ఎక్కించుకునేవాణ్ణి.

"తల ఆనిస్తే భయమేననుకున్నాను" అన్నాను.

"ఎందుకనుకున్నారు?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదనిపించింది. చెప్పేశాను. మా పెళ్ళైన రెండో ఏడు, పై దీపం దగ్గర, గాలి కొంచెం ఎక్కువగా ఉన్న ఒక రోజు, ఉన్నట్టుండి నా చేతులు నా మాట వినలేదు. తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, గంటకి పైగా అలాగే ఉండిపోయాను. ఇంటికి తిరిగి వెళ్ళననే అనుకున్నాను. పెద్దన్న తాడు రెండుసార్లు లాగాడు. కాసేపాగి మళ్ళీ లాగాడు. అలా ఎన్నిసార్లు లాగాడో తెలియదు. ఒక్కో మెట్టే దిగాను. ఆ సంగతి అతనూ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత పదహారేళ్ళు ప్రతిసారీ భయపడుతూనే ఎక్కాను.

"ఆ రోజు ఇంటికొచ్చి కంచం విసిరికొట్టారు" అంది మా ఆవిడ నెమ్మదిగా. "కూర మాడిందని."

"మాడలేదు" అన్నాను.

"నాకు తెలుసు. అత్తింట్లో వంట చేతకానిదాన్ననిపించుకున్నానని రెండు రోజులు ఏడ్చాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదహారేళ్ళ తర్వాత, రోడ్డు పక్కన, మా ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ చేతుల నిండా రెజిన్ అట్టలు కట్టి ఉంది. ఆవిడ చేతులు లాక్కోలేదు.

"నేనూ ఒకటి చెప్పాలి" అంది. "డాక్టరు గది తలుపుకి అద్దం ఉంది. మీరు ఒంటికాలి మీద నిలబడ్డం చూశాను. మూడుసార్లూ చూశాను. వయసు ఎక్కువైందన్నారని మీరు చెబితే ఊరుకున్నాను. నేను నెగ్గకపోతే మీరు పోయి ఆ చిమ్నీ ఎక్కుతారు. అందుకే ఎక్కుతున్నానండీ, ఎత్తులంటే సరదాపడి కాదు."

రెండో బస్సు కూడా వెళ్ళిపోయింది. మూడో బస్సుకి ఇంటికి వెళ్ళాం.

ఆ రాత్రి దాటి తెల్లవారగానే పెద్దన్నకి ఫోను చేశాను. రాలేనన్నాను. ఎందుకురా అన్నాడు. ఈసారి అబద్ధం ఆడలేదు, కళ్ళు మూసుకుంటే తల తిరుగుతోంది అన్నా అని చెప్పాను.

"నాకు తెలుసురా" అన్నాడు. "రెండేళ్ళ నుంచి తాడులో తెలుస్తూనే ఉంది. అందుకే నిన్ను నా దగ్గరికే రమ్మన్నాను. పొట్టకోసం ఎక్కడో ఒకచోట ఎక్కుతావు, కింద తెలియనివాడు ఉంటే ఎలాగని."

ఆరోగ్యం చూసుకో అన్నా అని పెట్టేశాను. అంత ప్రేమ ఉన్న మనిషికి కూడా నన్ను ఎక్కకుండా ఆపాలని తోచలేదు. మాకు తెలిసింది అదొక్కటే, పైకి ఎక్కడం, కింద పట్టుకోవడం.

రెండో పరీక్ష రోజు పొద్దున, మా ఆవిడ జడ గట్టిగా బిగించుకుంటుంటే వెళ్ళి చెప్పాను. నేను పెద్దన్న దగ్గరికి వెళ్ళడంలేదు, వారం కిందటే వద్దని చెప్పేశాను. నువ్వు నెగ్గినా సరే, నెగ్గకపోయినా సరే, నేను ఇక ఎక్కను.

ఆవిడ అద్దంలోంచే నావైపు చూసింది. "ఈ మాట వారం కిందటే చెబితే నేను ఈ పరీక్ష మానేసేదాన్నేమో కదా" అంది.

"అందుకే చెప్పలేదు. ఇప్పుడు మానేస్తావా?"

జడ చివర రిబ్బను ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది.

"మానను" అంది. "మొన్న పైన ఉన్నప్పుడు, ఆ అతుకు ముదురుతుంటే, ఒక్కసారి అటూ ఇటూ చూశాను. మన వీధి కనపడింది. దండేలన్నిటి మీదా తెల్లబట్టలు. ఆ గాలి ఒంటికి ఎంత హాయిగా ఉందో. షెడ్డులో పన్నెండేళ్ళు ఆ వాసన పీల్చుకుంటూ కూర్చున్నానండీ. ఇక కూర్చోను."

మరేం చేస్తారు మీరు అని నన్ను అడగలేదు.

యార్డు దాకా ముగ్గురం వెళ్ళాం. ఈసారి మా అత్తగారు కూడా బయల్దేరింది. కూతురికి ధైర్యం చెప్పడానికి కాదు, నన్ను కాపలా కాయడానికి. గేటు దగ్గరే ఆగిపోయి, నన్నూ ఆగమంది. రోడ్డుకి అవతల టీ కొట్టు ముందు బెంచీ మీద, యార్డు వైపు వీపు పెట్టి ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది. పిల్లాడిలా ఏమిటి అత్తయ్యా వదలండి అంటే, వదలనంది.

గంట ఉంటుంది పరీక్ష. టీ చల్లారిపోయింది. ఒకసారి వెనక్కి తిరగబోతే మా అత్తగారు చొక్కా లాగింది. ఎక్కే ఉంటుందా బాబూ అని అడిగింది. ఎక్కే ఉంటుందన్నాను. ఇప్పుడేం చేస్తుంటుంది? రుద్దుతుంటుంది. మరి ఇప్పుడు? పొరలు వేస్తుంటుంది. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. నాకు తెలుసు, ఇప్పుడు చెవి ఆనించి వింటుంటుంది. కదలకుండా ఉంటుంది. ఏమీ పట్టుకోని నా రెండు అరచేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి వాటి మీద కూర్చున్నాను.

ఎంతసేపైందో తెలియదు. వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. చొక్కా మీద పట్టు వదులైంది. మా ఆవిడ వచ్చి మా ముందు నిలబడింది. ముఖమంతా దుమ్ము, కనుబొమల మీద గాజుపొడి.

"సోమవారం నుంచి రమ్మన్నారు" అంది.

మా అత్తగారు కూతురి నడుము పట్టుకుని పొట్టలో ముఖం దాచుకుంది. మా ఆవిడ నావైపు చూస్తోంది.

"ఇంతసేపూ ఏం చేశారు?" అంది.

"ఏమీ చెయ్యలేదు" అన్నాను.

"ఏమీనా?"

"ఏమీ."

చేతులు రెండూ నా వైపు చాచింది, లేవడానికి పట్టుకోమని.

"కష్టమైందా?" అంది.

"పద్దెనిమిదేళ్ళలో ఇంత కష్టమైన పని చెయ్యలేదు" అన్నాను.